పాత ఫోర్ బై ఫోర్ బండిని మళ్లీ దారిలో పెట్టడం: చాసిస్ నుంచి టైర్ల దాకా

పాత ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్ల కళ్లు ముందుగా టైర్ల మీద పడతాయి. నా కళ్లూ అక్కడే పడ్డాయి. మొదటి బండికి ఇంజన్ ఆయిల్ కూడా మార్చకముందే 31 అంగుళాల టైర్లు, బండిని రెండంగుళాలు ఎత్తు లేపే లిఫ్ట్ వేయించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. వేగం 70 కిలోమీటర్లు దాటితే మాత్రం స్టీరింగ్ పూనకం వచ్చినట్టు ఊగేది. బ్రేకు తొక్కితే ఎడమకు లాగేది. నెల తిరక్కుండా ముందు యాక్సిల్ (ఇరుసు) మొత్తం విప్పాల్సి వచ్చింది. విప్పాక తెలిసింది, ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీలు దగ్గరి కింగ్‌పిన్ బేరింగులు ఎప్పుడో అరిగిపోయాయని. చిన్న టైర్లతో ఎలాగో నెట్టుకొచ్చిన బేరింగులు పెద్ద టైర్ల బరువు పడేసరికి చేతులెత్తేశాయి.

కాబట్టి ఈ పనిలో వరస ముఖ్యం. ముందు బండి సరిగ్గా ఆగాలి, తిన్నగా నడవాలి, వేడెక్కకుండా ఉండాలి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో ఆ స్థితికి తెచ్చాకే అప్‌గ్రేడ్ల సంగతి. కింద రాసిందంతా ఆ వరసలోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేవి చాసిస్ (బండి బరువంతా మోసే ఉక్కు చట్రం) మీద బాడీ కూర్చోబెట్టిన పాతకాలపు బండ్ల గురించి: విల్లీస్ జీపు, దాని వారసులు, 1948లో మొదలైన ల్యాండ్ రోవర్ సిరీస్, టొయోటా ల్యాండ్ క్రూజర్ 40, 60, 70 సిరీస్‌లు, సుజుకి జిమ్నీ, పాత హైలక్స్ లాంటివి. వీటిలో చాలావాటికి నిచ్చెన లాంటి చాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిల్ హౌసింగులు, కమాన్ పట్టీలు, అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటాయి. మోడల్ మారినా పని తీరు పెద్దగా మారదు. కొలతలు, బిగింపు లెక్కలు మాత్రం మీ బండి సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోండి. ఆ పుస్తకం చేతికి రాకుండా ఒక్క నట్టు కూడా విప్పొద్దు.

మొదటి దశ: పానా పట్టుకునే ముందు

జాకీ బండిని లేపడానికి మాత్రమే. కింద దూరి పని చేయాలంటే చాసిస్ కింద స్టాండ్లు పెట్టాల్సిందే, అదీ గట్టి సమతల నేల మీద. ఈ బండ్లు బరువైనవి, నేల నుంచి ఎత్తుగా ఉంటాయి, జారితే తప్పుకునే వ్యవధి ఇవ్వవు. చక్రాలకు రెండువైపులా అడ్డుకట్టలు కూడా పెట్టండి. వెనక చక్రం లేపితే హ్యాండ్ బ్రేకు పట్టు చాలాసార్లు పోతుంది. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక, యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేస్తుంది. అలాంటి బండిలో వెనక చక్రం ఒక్కటి గాల్లోకి లేచినా బండి కదిలిపోవచ్చు.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ముల్లోని దుమ్మును గాలి కొట్టి ఊదకండి. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ కనెక్షన్ ఊడదీయాలి. ఇంధన ట్యాంకు దగ్గర వెల్డింగ్ ఉంటే ట్యాంకును పూర్తిగా దింపేయాలి.

తుప్పు పట్టిన నట్ల మీద తుప్పు వదిలించే నూనె పనికి ముందు రోజే కొట్టి వదిలేయండి. మర్నాడు విప్పేటప్పుడు ముందు ఇసుమంత బిగించి, తర్వాత వదులు చేస్తే తుప్పు పొర విరుగుతుంది, బోల్టు తల విరగదు. ఇంకో మాట. పాత బ్రిటిష్, అమెరికన్ బండ్లలో అంగుళాల కొలత నట్లు ఉంటాయి. మధ్యలో ఎవరో మిల్లీమీటర్ నట్లు కలిపి ఉంటారు. పానా కాస్త వదులుగా పట్టినట్టు అనిపిస్తే ఆగండి. తల అరిగాక సరైన పానా దొరికినా ఉపయోగం లేదు.

రెండో దశ: చాసిస్

ఇంజన్ పోతే మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ పోతే వెతికి తెచ్చుకోవచ్చు. చాసిస్ కుళ్లిపోతే ఆ బండిని బాగు చేయాలా వద్దా అన్నదే మళ్లీ ఆలోచించుకోవాలి. అందుకే ముందు దీన్ని చూడాలి.

చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కింద పడుకోండి. సుత్తితో చాసిస్ పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల కుళ్లిన చోట శబ్దం చప్పబడిపోతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గుచ్చండి, దిగిపోతే అక్కడ ఇనుము లేనట్టే. ముఖ్యంగా చూడాల్సినవి: కమాన్ పట్టీలు తగిలించే హ్యాంగర్ల చుట్టూ, బాడీ కూర్చునే మౌంట్ల దగ్గర, ఇంధన ట్యాంకు పైనున్న చాసిస్ భాగం, వెనక చివరి అడ్డ దూలం, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటు. స్టీరింగ్ బాక్స్ దగ్గర తుప్పు కంటే పగుళ్లు ఎక్కువ. ఇంజన్ ఆపేసి ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ ఆడిస్తుంటే మీరు కింద నుంచి చూడండి. చాసిస్ ఊపిరి పీలుస్తున్నట్టు కదిలితే అక్కడ పగులుంది.

కొత్తగా నల్లటి అండర్‌కోట్ దట్టంగా పూసిన పాత బండిని నేనైతే నమ్మను. ఆ పూత కింద తడి చిక్కుకుని తుప్పు ఇంకా వేగంగా తింటుంది. గీకి చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది. ల్యాండ్ రోవర్ల సంగతి మరీ మోసం. బాడీ అల్యూమినియం కావడంతో పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద ఉక్కు చాసిస్ పొడి అవుతుంటుంది. పైగా ఉక్కు, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి తగిలే చోట అల్యూమినియం కూడా తెల్లటి పొడిగా రాలుతుంది.

కుళ్లిన చోట రేకు మీద రేకు అతికించడం కాలయాపన. మంచి ఇనుము తగిలేదాకా కోసి, అదే మందం రేకుతో వెల్డ్ చేయాలి. తర్వాత చాసిస్ గొట్టం లోపల మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. చాసిస్ అడుగున నీళ్లు కారిపోవడానికి రంధ్రాలుంటాయి. బురద పట్టి మూసుకుపోయి ఉంటాయి, తీగతో పొడిచి తెరవండి. ఇంత చిన్న పని చేయక పాడైన చాసిస్‌లకు లెక్క లేదు.

మూడో దశ: ఇంజన్ ఎంత మిగిలి ఉంది?

పెట్రోల్ ఇంజన్ అయితే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో) చూడండి. ఇంజన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఇంధనం అందకుండా చేసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. పది, పదిహేను శాతంలోపు తేడా ఉంటే కంగారు అక్కర్లేదు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్ లోపం. డీజిల్ ఇంజన్‌కు ఈ చెంచా ఆయిల్ పరీక్ష చేయకండి. అందులో పిస్టన్ పైన ఖాళీ బహు తక్కువ, ఆయిల్ అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. డీజిల్‌కు గేజ్ కూడా వేరే కావాలి, పెట్రోల్ గేజ్ ఆ ఒత్తిడికి తట్టుకోదు.

పాత డీజిల్ పొద్దున్నే స్టార్ట్ కాకపోతే అందరూ ఇంధన పంపు మీద పడతారు. ముందు హీటర్ ప్లగ్గులు చూడండి. వాటిని కలిపే పట్టీ ఊడదీసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ ల్యాంపును ఒక్కో ప్లగ్గుకు తాకించండి. వెలగని ప్లగ్గు పోయినట్టు. ప్లగ్గులు బాగుండి కూడా రాత్రంతా ఆపితే మొరాయిస్తుంటే ఇంధన గొట్టాల్లోకి ఎక్కడో గాలి దూరుతోంది. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య తాత్కాలికంగా పారదర్శక గొట్టం ముక్క పెట్టి చూడండి, బుడగలు కనిపిస్తాయి. ఎక్కువసార్లు తప్పు చీలిన రబ్బరు గొట్టానిదీ, వదులైన క్లిప్పుదీ అవుతుంది. అన్నట్టు, పాత రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి మార్చేయండి. ఇంధనం గొట్టం చీలి వేడి సైలెన్సర్ పైపు మీద కారితే బండి మొత్తం పోతుంది.

వేడెక్కడం ఈ బండ్ల ప్రధాన రోగం. పాత మెకానిక్కుల్లో కొందరు దీనికి చేసే వైద్యం థర్మోస్టాట్ (నీళ్ల వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచే వాల్వు) పీకేయడం. దయచేసి ఆ పని చేయనివ్వకండి. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాక ఎక్కువ అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే బైపాస్ దారి మూసుకోక, నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లో తిరిగి ఇంకా వేడెక్కుతుంది. సరైన దారి ఇదీ: రేడియేటర్ మూత కొత్తది వేయండి. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. రేడియేటర్ రెక్కల్లో పేరుకున్న బురదను వెనక నుంచి ముందుకు కడగండి. ఫ్యాన్ క్లచ్ చూడండి. వేడెక్కిన ఇంజన్ ఆపాక ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కాస్త బిగుతుగా ఉండాలి, గిర్రున తిరిగితే అది పోయింది. ఇవన్నీ అయ్యాక కూడా వేడెక్కుతూ, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై గొట్టం రాయిలా గట్టిపడుతుంటే హెడ్ గ్యాస్కెట్ గురించి ఆలోచించాల్సిందే. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే, చివరిసారి ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా రుజువు లేకపోతే, ముందు అది మార్చండి. తర్వాతే దూరం వెళ్లండి.

నాలుగో దశ: ఆయిళ్లు చెప్పే కథ

ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి కుడి ఎడమ చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె), వెనక డిఫరెన్షియల్. మొత్తం ఐదు చోట్ల ఆయిల్. అన్నీ మార్చాలి. ఒక్క నియమం మర్చిపోకండి: కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పే ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోండి. నేనొకసారి గేర్‌బాక్స్ ఆయిల్ మొత్తం దించేశాక పై ప్లగ్గు తల అరిగిపోయింది. దాని మీద నట్టు వెల్డ్ చేసి తీసేదాకా బండి రెండు రోజులు అక్కడే పడుంది.

దిగిన ఆయిల్‌ను పారేసే ముందు చూడండి. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వెండి రంగు పొడి సన్నగా మెరిస్తే మామూలు అరుగుదల. ఇత్తడి రంగు కనిపిస్తే, గేర్లు సాఫీగా పడేలా చేసే గేర్‌బాక్స్ సింక్రో రింగులు అరిగినట్టు. వేలికి గుచ్చుకునే ముక్కలు దొరికితే మూత తెరవాల్సిందే.

గేర్ ఆయిల్ డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రకాలు ఉంటాయి. అంకె పెద్దదైతే మంచిదనుకోవడం పొరపాటు. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు డిఫరెన్షియల్ పళ్లకు రక్ష. పాత గేర్‌బాక్సుల్లోని ఇత్తడి సింక్రో రింగులకు మాత్రం పడకపోవచ్చు. సింక్రోలకు కావలసిన పట్టు కూడా జీఎల్-5లో తగ్గుతుంది. అందుకే డిఫరెన్షియల్‌కు ఒకటి, గేర్‌బాక్స్‌కు మరొకటి అని మాన్యువల్‌లో ఉంటే దానికో కారణం ఉంది.

ఐదో దశ: ముందు యాక్సిల్, నకిల్ సర్వీసు

కాస్త ఓపిక పట్టాల్సిన దశ ఇది. స్టీరింగ్, బ్రేకు, ఫోర్ బై ఫోర్ మూడూ కలిసే చోటు ఇదే కాబట్టి పాత బండి నడకను ఎక్కువగా మార్చేది ఈ సర్వీసే. ల్యాండ్ క్రూజర్, పాత హైలక్స్, సుజుకి లాంటి వాటిలో యాక్సిల్ చివర నున్నటి ఇనుప గుండు, చక్రాన్ని మోస్తూ దాని మీద తిరిగే నకిల్ ఉంటాయి. లోపల చక్రానికి శక్తినిచ్చే బర్‌ఫీల్డ్ జాయింట్ గ్రీజులో మునిగి ఉంటుంది.

రోగ లక్షణం ముందు చూద్దాం. గుండు మీద నుంచి పల్చటి బూడిద రంగు జావ కారుతూ, టైరు లోపలివైపు తడిగా ఉంటుంది. యాక్సిల్ లోపలి సీలు పోవడంతో డిఫరెన్షియల్ ఆయిల్ గుండులోకి వచ్చి గ్రీజును కరిగించేస్తుంది. గుండును తుడిచే పైనున్న వైపర్ సీలు మార్చి చేతులు దులుపుకుంటే ఆ జావ మళ్లీ కారుతుంది. తప్పు లోపలి సీలుది.

ఆట (వదులు) ఎక్కడుందో తేల్చుకోవడానికి చక్రాన్ని గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడమంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఆట పోతే అది వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా ఉంటే కింగ్‌పిన్ బేరింగ్. కుడి ఎడమలుగా పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ ఎండ్లు (చివరి కీళ్లు) చూడండి.

విప్పే క్రమం ఇలా ఉంటుంది. చక్రం మధ్యలో ఉండి దాన్ని యాక్సిల్ రాడ్డుతో కలిపే హబ్ లాక్ తీయాలి. టొయోటా బండ్లలో స్టడ్డుల మీద గరాటు ఆకారపు వాషర్లు బిగుసుకుని ఉంటాయి. ఇత్తడి కడ్డీ పెట్టి స్టడ్డు తల మీద కొడితే టప్పున ఎగిరొస్తాయి. ఉక్కు సుత్తితో నేరుగా కొడితే స్టడ్డు మర పాడవుతుంది. తర్వాత బేరింగ్ నట్లు. ల్యాండ్ క్రూజర్‌కు 54 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి, ఉలీ సుత్తీతో కొట్టి విప్పే అలవాటు వద్దు. డిస్క్ బ్రేకు అయితే క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కమాన్ పట్టీకి కట్టండి. స్పిండిల్ (హబ్ తిరిగే బోలు ఇరుసు) తీశాక బర్‌ఫీల్డ్, యాక్సిల్ రాడ్డు కలిసి బయటికి వస్తాయి.

కింగ్‌పిన్ పైమూత, కింది మూత తీసేటప్పుడు వాటి కింద పల్చటి షిమ్ రేకులు ఉంటాయి. ఇవి నకిల్‌ను గుండుకు సరిగ్గా మధ్యలో ఉంచుతాయి, బేరింగ్ బిగుతునూ నిర్ణయిస్తాయి. ఎడమ పై, ఎడమ కింద, కుడి పై, కుడి కింద అని నాలుగు కవర్లలో పేర్లు రాసి దాచండి. ఇవి కలిసిపోతే మళ్లీ మొదటి నుంచి కొలతలు తీయాలి, దానికి ప్రత్యేక పనిముట్టు కావాలి.

ఇప్పుడు శుభ్రం. డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో అంతా కడగాలి. సగం రోజు దీనికే పోతుంది, పోనివ్వండి. గుండు మీద తుప్పు గుంటలుంటే సన్నటి ఎమెరీ కాగితంతో నునుపు చేయాలి, లేకపోతే కొత్త వైపర్ సీలును కొరికేస్తాయి. బర్‌ఫీల్డ్ లోపలి చిన్న గుండ్ల దారుల్లో గోరుకు తగిలే గాడి పడిందా, వాటిని పట్టి ఉంచే కేజ్ పగిలిందా చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు టక్‌టక్‌మన్న బండి అయితే గాడి ఉండి తీరుతుంది. యాక్సిల్ రాడ్డు మీద పాత సీలు రాసుకున్న చోటు కూడా గోరుతో చూడండి. అక్కడ గాడి ఉంటే కొత్త సీలును కాస్త లోపలికి దించండి, పెదవి కొత్త చోట ఆనుతుంది.

కింగ్‌పిన్ బేరింగ్ మారిస్తే దాని కప్పును కూడా మార్చాలి. షిమ్ములు ఏ చోటివి ఆ చోట పెట్టి, వైపర్ సీలు, యాక్సిల్ రాడ్డు లేకుండా నకిల్ ఒక్కటే బిగించి, స్టీరింగ్ ఆర్మ్ చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగండి. చేపలు తూచే కొక్కెం త్రాసు చక్కగా సరిపోతుంది. నకిల్ కదలడం మొదలైనప్పుడు త్రాసు చూపే బరువు మాన్యువల్‌లోని హద్దుల మధ్య ఉండాలి. తక్కువైతే షిమ్ తీయాలి, ఎక్కువైతే కలపాలి. ఈ ఒక్క కొలత తప్పితే ఆ తర్వాత ఎన్ని అలైన్‌మెంట్లు చేయించినా స్టీరింగ్ ఊగడం ఆగదు.

బర్‌ఫీల్డ్‌లోకి మాలిబ్డినం గ్రీజును వేళ్లతో గట్టిగా కూరాలి, గుండ్ల వెనకదాకా వెళ్లాలి. వీల్ బేరింగుల నట్టును హబ్ తిప్పుతూ గట్టిగా బిగించి బేరింగులు కుదురుకున్నాక వదులు చేసి, మళ్లీ మాన్యువల్ చెప్పిన బిగుతుకు తేవాలి. లాక్ వాషర్ అంచు వంచడం మరవద్దు. మొదటి ముప్పై కిలోమీటర్ల తర్వాత ఆగి హబ్ మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఉంచలేకపోతే బిగుతు ఎక్కువైంది.

ఆరో దశ: బ్రేకులు, వైరింగ్

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో అది మరిగే వేడి తగ్గిపోతుంది. కొండ దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి ఇదొక కారణం. రెండేళ్లకోసారి మార్చండి. పాత బండి ఒకవైపుకు లాగుతుంటే ఆవైపు కంటే రెండోవైపు రబ్బరు గొట్టాన్ని అనుమానించండి. పైకి బాగున్నా లోపల ఉబ్బి, ఒత్తిడిని అటు వెళ్లనివ్వకపోవచ్చు. బ్రేకు వదిలాక చక్రం పట్టేసి ఉంటే అదే గొట్టం ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదన్నమాట. వెనక డ్రమ్ములో గేర్ ఆయిల్ కనిపిస్తే సీలు మార్చే ముందు యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) మూసుకుపోయిందేమో చూడండి. లోపలి గాలి వేడెక్కి పోయే దారి లేక సీలును తోసుకొస్తుంది.

వైరింగ్‌లో సగం దయ్యాలు ఎర్త్ వైర్ల దగ్గరే ఉంటాయి. బ్యాటరీ నుంచి చాసిస్‌కు, ఇంజన్‌కు, బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలన్నీ విప్పి, కింద పెయింటు గీకి, కొత్తవి బిగించండి. మల్టీమీటర్ ఒక కాలు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కాలు ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.3 వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ బాగోలేదు. ఆపి ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. కొన్ని జపాన్ డీజిల్ బండ్లు 24 వోల్టులవి, బల్బులు కొనే ముందు చూసుకోండి.

హెడ్‌లైట్లు మసకగా ఉంటే బల్బు తప్పు కాకపోవచ్చు. పాత బండ్లలో లైటు కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చు గుండా తిరిగొస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ద్వారా నేరుగా లావు వైరు వేసి, పాత వైరును రిలేను ఆన్ చేయడానికి మాత్రమే వాడండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

ఏడో దశ: ఇప్పుడు అప్‌గ్రేడ్లు

మొదటిది ఎవరూ ఫొటో తీసి చూపించుకోనిది: బ్రీదర్ గొట్టాలు. నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీళ్ల గుండా నీటిని లోపలికి లాగుతుంది. రెండు యాక్సిళ్ల బ్రీదర్లకు, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ బ్రీదర్లకు రబ్బరు గొట్టాలు తొడిగి ఇంజన్ గది పైభాగం దాకా తెచ్చి కట్టండి. ఇంజన్‌కు గాలిని పైనుంచి తెచ్చే స్నార్కెల్ గొట్టం బిగించి ఈ పని వదిలేసిన బండ్లు చాలా చూశాను. స్నార్కెల్ అయినా ప్రతి జాయింట్ గాలి చొరబడకుండా ఉంటేనే పనిచేస్తుంది, లేకపోతే అది దుమ్ము తగ్గించే అలంకారం మాత్రమే.

రెండోది కమాన్ పట్టీలు. పాతవి చదునైపోయి ఉంటే కొత్తవి వేసినంత మాత్రానే బండి లేస్తుంది. పట్టీ చివరను చాసిస్‌కు తగిలించే షాకిళ్లను పొడవువి వేసి లేపాలనుకుంటే గుర్తుంచుకోండి, షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి ఒక్క అంగుళమే లేస్తుంది. పట్టీ ఒక చివరే కిందికి దిగడంతో యాక్సిల్ కూడా కాస్త తిరుగుతుంది, స్టీరింగ్ తిన్నగా ఉంచే క్యాస్టర్ కోణం మారిపోతుంది. యాక్సిల్‌కూ పట్టీకీ మధ్య ఏటవాలు షిమ్ పెట్టి దాన్ని సరిచేయవచ్చు. యాక్సిల్‌ను పట్టీకి బిగించే యూ బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ వాడకూడదు, కొత్తవే వేయండి. రబ్బరు బుష్‌లున్న పట్టీ చివరి కంటి బోల్టులను బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి, గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి చిరుగుతుంది.

లిఫ్ట్ రెండంగుళాల దగ్గర ఆగమని నా సలహా. అంతకు మించితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే డ్రాగ్ లింక్ కడ్డీ కోణం, బ్రేకు గొట్టాల పొడవు ఒకదాని వెనక ఒకటి తలుపు తడతాయి. లిఫ్ట్ వేశాక చాసిస్‌ను స్టాండ్ల మీద పెట్టి యాక్సిల్‌ను పూర్తిగా వేలాడనివ్వండి. బ్రేకు గొట్టం లాగుతోందా? షాఫ్ట్ చివరి క్రాస్ కీలు పట్టేస్తోందా? షాక్ అబ్జార్బర్ కమాన్ పట్టీ కంటే ముందే ఆగిపోతోందా? ఇవి రోడ్డు మీద కాకుండా ఇక్కడే తెలియాలి. వెనక బ్రేకుకు బరువును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉన్న బండి అయితే, లిఫ్ట్ వేయగానే బండి ఖాళీగా ఉందని అది పొరబడి వెనక బ్రేకు తగ్గిస్తుంది. దాని కడ్డీని సర్దాలి.

మూడోది టైర్లు. ఇక్కడ లెక్క వేసుకోండి. 235/75 ఆర్ 15 టైరు వ్యాసం దాదాపు 733 మిల్లీమీటర్లు. 31 అంగుళాల టైరు సుమారు 787. అంటే ఏడు శాతం పైచిలుకు పెద్దది. దీనివల్ల యాక్సిల్ కింద నేలకు పెరిగే ఎడం సుమారు 27 మిల్లీమీటర్లు, అంతే. బదులుగా 4.11 నిష్పత్తి గల డిఫరెన్షియల్ 3.83 లాగా ప్రవర్తిస్తుంది. స్పీడోమీటర్ 93 చూపిస్తుంటే మీరు నిజానికి నూరులో వెళ్తుంటారు. బ్రేకు ఆపాల్సిన బరువు, బేరింగ్ మోయాల్సిన బరువు రెండూ పెరుగుతాయి. పాత బలం తిరిగి రావాలంటే 4.4 దగ్గరి క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత) కావాలి. ముందూ వెనకా రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి, లేకపోతే ఫోర్ బై ఫోర్ వేయగానే రెండు యాక్సిళ్లు ఒకదాంతో ఒకటి కొట్లాడుకుంటాయి. రాళ్ల మీద పాకడానికి ఉపయోగపడేది చివరి నిష్పత్తి: మొదటి గేరు 3.8, ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ 2.5, డిఫరెన్షియల్ 4.1 అయితే మూడూ హెచ్చించగా సుమారు 39. ఈ అంకె ఎంత పెద్దదైతే బండి అంత మెల్లగా, క్లచ్ కాల్చకుండా ఎక్కుతుంది. పెద్ద టైరు ఈ అంకెను తగ్గిస్తుంది.

డిఫ్ లాకర్ పెద్ద టైర్ల కంటే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమాన బలమే ఇస్తుంది కాబట్టి, ఒకటి గాల్లో తిరుగుతుంటే రెండోదానికీ దాదాపు ఏమీ అందదు. లాకర్ రెండింటినీ ఒకే ఇరుసుగా చేస్తుంది. ఒక్కటే వేసుకోగలిగితే వెనక వేయండి. ముందు లాకర్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి గట్టిగా తొక్కితే, ఐదో దశలో అంత కష్టపడి కడిగిన బర్‌ఫీల్డ్ ఒక్క చప్పుడుతో ముక్కలవుతుంది.

విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బండి మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలిగేది కావాలి. డబ్బా మీద రాసిన బలం తాడు చుట్టే డ్రమ్ము మీది మొదటి చుట్టుకే, పైచుట్టుల్లో అది తగ్గుతూ వస్తుంది. అన్నింటికంటే ముందు చాసిస్‌కు బిగించిన గట్టి లాగే కొక్కేలు ఉండాలి. ట్రైలర్ తగిలించే గుండుకు తాడు వేసి ఇరుక్కున్న బండిని ఎప్పుడూ లాగకండి. అది విరిగితే ఫిరంగి గుండులా అద్దం గుండా దూసుకొస్తుంది, మనుషులు చనిపోయారు.

పని పూర్తయ్యాక ఒక పాత నోటు పుస్తకంలో యూ బోల్టులు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు, నకిల్ స్టడ్డులు, చక్రాల నట్లు ఒక పట్టికగా రాసుకోండి. వంద కిలోమీటర్లకు ఒకసారి, ఐదు వందలకు ఒకసారి, వెయ్యికి ఒకసారి బిగుతు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. చూసిన ప్రతి బోల్టు మీద తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తే, తర్వాత కింద దూరి టార్చి వేయగానే ఏది కదిలిందో తెలిసిపోతుంది. నా బండిలో మూడుసార్లూ కదిలినవి నకిల్ స్టడ్డులే.